ఆటల దుకాణంలో దిగని లోడు

పాలమూరు ఊరి బయట, రెండో అంతస్తులో, కిటికీ పక్కన నేను కూర్చున్న కుర్చీలో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో నాకు తెలియదు. ఎవరైనా మన జిల్లాల పిల్లే అయ్యుంటుంది. డిగ్రీ అయిపోయి, ఇంట్లో పెళ్ళి మాట ఎత్తకముందే ఉద్యోగం వచ్చిందని సంతోషపడే పిల్ల. ఇది ఆ పిల్ల కోసం రాస్తున్నాను. ట్రైనింగులో చెప్పేవన్నీ వాళ్ళే చెబుతారు, వాటిని నేను మళ్ళీ చెప్పను. నాకు వచ్చిన ప్రమోషన్లు, కప్పిన శాలువాలు కూడా ఇందులో ఉండవు. ఆ కుర్చీలో కూర్చుని నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పడానికే ఇదంతా. దాన్ని చెప్పాలంటే ముందు కొంత చెప్పాలి.

మేము అమ్మింది ఏమిటి

మా ఆడబిడ్డకు నా ఉద్యోగం ఏమిటో పదేళ్ళయినా అర్థం కాలేదు. ఇంటికి ఎవరొచ్చినా "మా వదినె ఆటల కంపెనీల జేస్తది" అనేది. "అంటే బొమ్మలమ్ముతదా?" అని వాళ్ళు అడిగేవాళ్ళు. "ఏమో, పొద్దంత ఫోన్లనే మాట్లాడ్తది" అనేది. ఆమెను తప్పు పట్టను. మొదటి ఏడాది నాకూ అంతే అర్థమైంది.

చెప్పడం తేలికే. కంప్యూటర్ ఆటలను ఇంటర్నెట్టులో అమ్మే దుకాణం అది. పేరు చెప్పను. అందులో డబ్బాలుండవు, సీడీలుండవు. పైసలు కట్టగానే ఆట నేరుగా కంప్యూటర్లోకి దిగుతుంది. కొన్న ఆటలన్నీ మన పేరు మీద ఉన్న అకౌంటులో ఉంటాయి. ఆట ఎక్కడిదాకా ఆడామో, ఎక్కడ ఆపామో, అదీ ఆ దుకాణం వాళ్ళ యంత్రాల్లోనే దాచి ఉంటుంది. పాస్‌వర్డ్ కొడితే తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆటను కొన్నామని అందరూ అనుకుంటారు. నిజానికి కొన్నది ఆడుకునే అనుమతి మాత్రమే. ఆ అనుమతి ఒక్క మనిషికి. ఆ మనిషి దాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు, అమ్మకూడదు. చనిపోతే ఇంట్లోవాళ్ళకు రాదు. ఇదంతా ఒప్పుకుంటున్నానని నొక్కిన తర్వాతే అకౌంటు పుడుతుంది. ఆ ఒప్పందం చదివి నొక్కిన మనిషిని నేను చూడలేదు. నేనే ఉద్యోగంలో చేరిన మూడేళ్ళకు చదివాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో హైదరాబాదులో ఈ పనిలో చేరాను. అంతకుముందు పదిహేనేళ్ళు సెల్‌ఫోన్ కంపెనీల కస్టమర్ కేర్‌లో మాట్లాడిన నోరు నాది. పాలమూరులో ఆఫీసు పెట్టినప్పుడు మా ఆత్మకూరుకు దగ్గరని బదిలీ అడిగి వచ్చాను. నా పని, తాళం పోగొట్టుకున్నవాళ్ళ సంగతి చూడడం. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళు, ఫోన్ పోయినవాళ్ళు, ఎవరో దొంగిలించారని ఏడ్చేవాళ్ళు దుకాణానికి ఒక ఫిర్యాదు పెడతారు. దాన్ని టికెట్ అంటారు. అనుమానం ఉన్న టికెట్లకు మేము తిరిగి ఫోన్ చేసి, అడుగుతున్నది అసలు మనిషేనా కాదా తేల్చుకుని, అప్పుడు కొత్త పాస్‌వర్డ్ ఇవ్వాలి. సగం మంది నిజమైనవాళ్ళే. మిగతావాళ్ళు పక్కింటి పిల్లవాడి అకౌంటు మీద కన్నేసినవాళ్ళు. గొంతు విని ఎవరెవరో కనిపెట్టాలి.

మన మాటతో అడగడం

నా మొదటి బాసు శ్రీనివాస్ సార్. గుంటూరు వైపు మనిషి. మంచివాడు, కాని నేను మాట్లాడితే పెదవి బిగబట్టి నవ్వు ఆపుకునేవాడు. మాకు చదవమని ఇచ్చిన మాటలు ఇలా ఉండేవి: "నమస్కారం, మీ యొక్క ఖాతాకు సంబంధించిన వివరములను ధృవీకరించవలసి ఉన్నది." నల్లగొండలోనో నారాయణపేటలోనో ఫోన్ ఎత్తినవాడు ఇది వినగానే ఎవరో బ్యాంకు దొంగ అనుకుని ఫోన్ పెట్టేసేవాడు.

ఒకరోజు నాకు విసుగొచ్చింది. అవతల ఒక కుర్రవాడు పది నిమిషాల నుంచి తడబడుతున్నాడు. కాగితం పక్కన పెట్టి మా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాను.

"ఏం తమ్మీ, తిన్నవా?"

"తిన్ననక్కా."

"గీ అకౌంటు నీదేనా? నేను కోపం జెయ్య. నిజం జెప్పు."

"నాది కాదక్కా. మా చిన్నాయిన కొడుకుది. వాడు ఊర్ల లేడు, గందుకే..."

"సరే తియ్, ఇంకోసారి జెయ్యకు" అని పెట్టేశాను.

ఆ రికార్డింగు శ్రీనివాస్ సార్ విన్నాడు. ఈసారి నవ్వలేదు. మరుసటి వారం నుంచి కొత్తవాళ్ళకు ఎలా మాట్లాడాలో నన్ను నేర్పమన్నాడు. అక్కా అని పిలిపించుకోవాలి, తిన్నరా అని అడగాలి, ఊరి పేరు అడిగి మాకు ఆ ఊళ్ళో చుట్టాలున్నారనాలి. మనవాళ్ళు తెలియనివాళ్ళ దగ్గర ఎన్ని అబద్ధాలైనా ఆడతారు గాని, అక్కా అని పిలిచిన నోటితో ఆడలేరు. ఇది నేను కనిపెట్టిన కిటుకు. ఎన్నో ఏళ్ళు దాన్ని తలుచుకుని మురిసిపోయాను. పక్కన ఇంగ్లీషు ఫోన్లు చూసే బల్ల వాళ్ళు అరగంట పట్టి తేల్చలేనిది నేను నాలుగు మాటల్లో తేల్చేదాన్ని.

ఆ కిటుకు ఎవరికోసం పనిచేస్తోందో మాత్రం ఆలోచించలేదు.

నారాయణపేట నలుగురు

ఒక అకౌంటు ఒకే రోజున నాలుగు కంప్యూటర్ల నుంచి తెరుచుకుంటోందని యంత్రం ఎర్ర గుర్తు పెట్టింది. దొంగతనమని నేను తాళం వేశాను. మూడో రోజు పొద్దున నలుగురు యువకులు నారాయణపేట నుంచి బస్సెక్కి నేరుగా ఆఫీసుకే వచ్చారు. అలా ఎవరూ రారు, రావొద్దని కూడా ఎవరికీ చెప్పలేదు. వాచ్‌మన్‌కు ఏం చేయాలో తెలియక నన్ను కిందికి పిలిచాడు.

నలుగురూ మగ్గాల ఇళ్ళ పిల్లలు. చీర మగ్గం మీద ఉన్నంతసేపు ఒకడు నేస్తాడు, పని వంతు లేనివాడు ఆడతాడు. తలా కొంత వేసుకుని ఆటలు కొన్నారు.

"ఈ అకౌంటు ఎవరిది?" అన్నాను.

"మాదే అక్కా" అన్నారు నలుగురూ.

"మీల ఎవరిది?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ప్రశ్న అంతకుముందు వాళ్ళకు ఎదురు కాలేదని తెలుస్తూనే ఉంది. నా కాగితంలో ఒక్క పేరుకే చోటుంది. నేను పట్టుబట్టాను. చివరికి మొగులయ్య అనే అబ్బాయి పేరు చెప్పారు, ఎందుకంటే అతని ఫోన్ నంబరే అందులో ఉంది. తాళం తీసి ఇచ్చాను. నలుగురూ నాకు దండం పెట్టి వెళ్ళారు.

నాలుగు నెలలకు వాళ్ళలో ఒకడు ఫోన్ చేశాడు. మొగులయ్య పాస్‌వర్డ్ మార్చేశాడట. అడిగితే, ఆఫీసు అక్క నా పేరు మీదనే రాసింది గదా, నాదే అన్నాడట. ఇప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదట.

"నువ్వు పేరు అడగకుంటే మాకు గీ లొల్లే లేకుండె అక్కా" అన్నాడు.

రూలు అంతే తమ్మీ అని చెప్పి ఫోన్ పెట్టేశాను. నాకు ఆ రోజే బుద్ధి రావలసింది. రాలేదు.

సుజాత ఫోను

ఇక అసలు సంగతి. నేను రిటైర్ కావడానికి ఇంకా ఏడాది ఉంది. ఒక మధ్యాహ్నం నా ముందుకు ఒక టికెట్ వచ్చింది. అకౌంటు పేరు యాదగిరి. ఊరు నకిరేకల్ దగ్గర. తప్పు పాస్‌వర్డ్ పదిసార్లు కొట్టడంతో తాళం పడింది. టికెట్లో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే ఒక ఆడపిల్ల ఎత్తింది. పేరు సుజాత అని చెప్పింది. ప్రైవేటు బడిలో టీచరు.

మేము అడగాల్సినవి మూడే. మొదట కొన్న ఆట ఏది, పైసలు ఏ నంబరు నుంచి కట్టారు, ఆఖరుసారి ఎప్పుడు తెరిచారు. మూడింటికీ తడుముకోకుండా సరిగ్గా చెప్పింది. పైసలు కట్టిన నంబరు ఆమెదే. కొత్త పాస్‌వర్డ్ పంపే బటన్ నా తెర మీద పచ్చగా వెలిగింది. నొక్కితే అయిపోయేది. ఆమె దారిన ఆమె పోయేది.

నేను నొక్కలేదు. గొంతులో ఏదో ఉందనిపించింది. పాతికేళ్ళ అలవాటు ఊరుకోనివ్వలేదు.

"యాదగిరి నీకేమైతడు చెల్లె?"

"మా అన్న."

"పక్కకున్నడా? జర ఫోన్ ఇస్తవా?"

నేను గొంతు తగ్గించాను.

"నీ అక్కననుకొని చెప్పు సుజాతా. ఏమైంది?"

అప్పుడు చెప్పింది. ఏడవకుండా, పిల్లలకు పాఠం చెప్పినట్టు వరసగా చెప్పింది. అవన్నీ ఎవరికైనా చెప్పుకోవాలని ఎన్ని రోజుల నుంచి ఉందో.

యాదగిరి లారీ డ్రైవరు. లారీ ముందు అద్దం మీద తల్లి పేరు "ముత్తమ్మ దీవెన" అని రాయించుకుని దేశమంతా తిరిగినవాడు. పెళ్ళి కాలేదు. చిట్యాల దగ్గర లారీ బోల్తా పడి నడుము కింద చచ్చుబడిపోయింది. మంచం మీద పడ్డాడు. తోటి డ్రైవర్లు తలా కొంత వేసి పాత కంప్యూటర్ ఒకటి కొనిచ్చారు. అందులో లారీ నడిపే ఆట ఒకటుంది. చేతులుంటే చాలు. సుజాత దాన్ని కొనిపెట్టింది. అతను ఆ ఆటలోని లారీకి కూడా ఆకుపచ్చ రంగు వేసి, ముందు అద్దం మీద "ముత్తమ్మ దీవెన" అని ఒక్కొక్క గీతా గీసి రాశాడు. అది రాయడానికి నాలుగు రోజులు పట్టిందట.

మూడేళ్ళు అదే అతని పని. పొద్దున మొహం కడిగి, టీ తాగి బండి ఎక్కేవాడు. ముత్తమ్మ మంచం అంచున కూర్చునేది. ఆమెను క్లీనర్ అనేవాడు. "అమ్మా, ఎడమ దిక్కు జూడు" అంటే ఆమె తెర దగ్గరికి వంగి చూసి, "రానీ, రానీ, జాగా ఉన్నది" అనేది. హైదరాబాదు దాటి ఎరగని మనిషి, కొడుకుతో మంచు దేశాలన్నీ తిరిగింది. "గీ రోడ్ల మీద ఒక్క బర్రె లేదు, మనుషులు లేరు, గిదేం ఊర్రా" అని నవ్వేదట.

ఒక మధ్యాహ్నం అతనికి చలిజ్వరం వచ్చింది. మంచం మీద పడి పడి వీపున లేచిన పుండ్లు మురిగి ఒళ్ళంతా విషమైంది. అప్పటికి ఆటలోని లారీ నిండా కలప మొద్దులున్నాయి. దారి మధ్యలో పెట్రోల్ బంకు దగ్గర బండి ఆపాడు. "దవాఖానకు పోయొస్త. వచ్చినంక లోడు దించుదాం" అన్నాడు తల్లితో. నల్లగొండ దవాఖానలో మూడో రోజు పోయాడు. ఆ గందరగోళంలో అతని ఫోన్ కూడా పోయింది.

"మూడోనాడు పిట్టకు పెట్టినమక్కా" అంది సుజాత.

ఇది తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. మా వైపు మనిషి పోయిన మూడోనాడు, మళ్ళీ పదకొండోనాడు, పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టిందా, పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్ళు ఆ కోరిక ఏమిటో తలుచుకుని, మేం తీరుస్తాం, నువ్వు తిను అని మొక్కుతారు. చదువుకున్నాం, ఉద్యోగాలు చేస్తున్నాం, అయినా ఆ విస్తరి ముందు నిలబడితే ఎవరికైనా గుండె పీచుపీచుమంటుంది. మా నాయన పోయినప్పుడు నేనూ నిలబడ్డాను.

"మాంసం పెట్టినం, కల్లు పెట్టినం, బీడీ కట్ట పెట్టినం. పిట్ట ముట్టలే. గోడ మీద కూసొని సూసి పోయింది. అమ్మ ఒక్కటే అంటున్నది. వాని లోడు దిగలే, వాడు బంకు కాడనే ఆగిండు, గందుకే వస్తలేడు అంటున్నది. లోడు దించెదాక అన్నం ముట్టనని కూసున్నది. చాయ్ నీళ్ళ మీద ఉన్నది. పదకొండోనాడు ఇంక ఐదు రోజులున్నది. నేను బండి తోల నేర్చుకుంట. ఎట్లనో అట్ల ఆ మొద్దులు దించి అమ్మకు సూపెడ్త. నువ్వు తాళం తియ్యక్కా, గంతే."

నా తెర మీద బటన్ ఇంకా పచ్చగానే ఉంది. పక్కనే చిన్న ఎర్ర చుక్క కూడా ఉంది. ఫోను రికార్డవుతోందని దానర్థం. చనిపోయాడు అన్న మాట అందులో పడిపోయింది. ఆ మాట ఎక్కడ వినిపించినా రికార్డు పైవాళ్ళ చెవిలో పడుతుంది. అకౌంటుదారు పోయాడని తెలిశాక తాళం తీస్తే, తీసిన మనిషి ఉద్యోగం పోతుంది. పోతే పోయేది. ఒక్క ఏడాది. కాని ఆ క్షణంలో నాకు నా పింఛను గుర్తొచ్చింది. భయపడ్డాను. దీన్ని ఇంకో మాటతో చెప్పడం నాకు చేతకాదు.

"పైవాళ్ళను అడిగి రెండు రోజులల్ల చెప్తా చెల్లె" అన్నాను.

"నువ్వున్నవు గదక్కా. నాకు ఫికర్ లేదు" అంది.

ఫోను పెట్టాక కాగితంలో ఖాతాదారు మరణించారు అని రాశాను. రాయగానే అకౌంటు దానంతట అదే మూతపడింది. ముప్పై రోజుల తర్వాత అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది.

ఆ ముప్పై రోజులు

అప్పటికి మా బాసు కిరణ్ సార్. ముప్పై రెండేళ్ళుంటాయి. చెడ్డవాడని చెప్పడానికి లేదు. నా మాట మొత్తం విన్నాడు. కుర్చీ తెచ్చి వేశాడు. నీళ్ళు ఇప్పించాడు.

"మేడం, నాకు అర్థమైతున్నది. మా తాతకు కూడా పిట్ట ముట్టలే, నాకు తెలుసు. కాని రికార్డయింది గదా" అన్నాడు.

"ఐదు రోజులు తెరిచి పెడితే చాలు సార్. ఒక్క లోడు దించితే మూసేద్దాం."

"రికార్డు లేకుంటే నేనే తెరిచేటోన్ని మేడం. మీరెందుకు అడిగిన్రు? మూడూ సరిపోయినయి గదా."

ఆయన పైకి రాశాడు. నేనూ రాశాను. పిట్ట అంటే ఏమిటో ఇంగ్లీషులో రాయడానికి గంట పట్టింది. రాసి చదువుకుంటే నాకే పిచ్చి రాతలా అనిపించింది. ఎవరో దూరదేశంలో కూర్చున్నవాడు దాన్ని చదివి ఏమనుకుంటాడో ఊహించుకుని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

రెండో రోజున సుజాతకు దుకాణం నుంచి తెలుగులో ఒక సందేశం వెళ్ళింది. "మీ కుటుంబానికి కలిగిన తీరని లోటుకు మేము చింతిస్తున్నాము. నిబంధనల ప్రకారం ఖాతాను మరొకరికి బదిలీ చేయలేము. మా సేవలను వాడుకున్నందుకు ధన్యవాదాలు." ఆ వాక్యాలు రాసింది నేనే. ఆరేళ్ళ కిందట, ఇలాంటి టికెట్లన్నిటికీ పనికొచ్చేలా ఒకటి రాసిపెట్టమంటే రాశాను. బాగా రాశావని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.

రెండు రోజుల్లో చెబుతానన్న నేను చెప్పలేదు. పదకొండోనాడు గడిచిపోయింది. ఆ రోజు ఆఫీసులో నేను చేసిన పని ఒక్కటీ గుర్తులేదు. కిటికీ బయట సన్‌షేడ్ మీద కాకి వాలినప్పుడల్లా పని ఆపి చూశాను, అదే గుర్తుంది. పైనుంచి జవాబు ఇరవై ఎనిమిదో రోజున వచ్చింది. మినహాయింపు లేదని రెండు వాక్యాలు. ముప్పయ్యో రోజున, మధ్యాహ్నం భోజనానికి లేచేముందు ఆ అకౌంటు నంబరు కొట్టి చూశాను. అలాంటి అకౌంటు లేదని వచ్చింది.

కొత్తగా చేరిన పిల్లా, నీకు నేను చెప్పగలిగింది ఇది. మూడు అడగమంటే మూడే అడుగు. నాలుగోది నీ తెలివి అడుగుతుంది. నీ గొంతు విని వాళ్ళు తలుపు తీస్తారు. లోపలికి వచ్చేది నువ్వు కాదు, నీ వెనక నిలబడ్డ దుకాణం. అది నీకు ముందే తెలిసి ఉండాలి. నిజం చెప్పినవాళ్ళను శిక్షించి, తడుముకోకుండా అబద్ధం చెప్పినవాళ్ళకు తాళం తీసే బల్ల అది. నీతి గురించి ఎవరు ఎన్ని మాటలు చెప్పినా, నేను అక్కడ చూసింది ఇదే. ఎర్ర చుక్క వెలుగుతున్నంతసేపు, ఎవరైనా నిజం చెప్పబోతున్నారనిపిస్తే మాట మార్చు. వాన పడిందా అని అడుగు. దగ్గు. ఫోన్ పెట్టేయ్. రూలు తెలియక చేసిన తప్పయితే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. ఈ రూళ్ళు నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

నా ఫోన్ నుంచి

అకౌంటు చెరిగిపోయిన తొమ్మిదో రోజు ఆదివారం. ఆఫీసు నంబర్లు ఇంటికి తీసుకెళ్ళకూడదు. సుజాత నంబరు నాకు నోటికి వచ్చేసింది. మా ఇంటి వసారాలో కూర్చుని, నా సొంత ఫోన్ నుంచి చేశాను.

గొంతు వినగానే గుర్తుపట్టింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. పదకొండోనాడు కూడా పిట్ట ముట్టలేదని చెప్పింది. మధ్యాహ్నందాకా చూసి, పెద్దమనుషులు విస్తరిని ఆవుకు పెట్టించి ముగించారట. తల్లి ఇప్పుడు కొంచెం గంజి తాగుతోందట, బలవంతం చేస్తే. కంప్యూటర్ ముందు మంచం మాత్రం తీయనివ్వడం లేదట.

"అక్కా, ఒకటి అడుగుత. నిజం జెప్పు."

"అడుగు చెల్లె."

"మా అన్న సచ్చిపోయిండని నేను చెప్పకపోతే, బయటికి పోయిండు, రేపొస్తడు అంటే, నువ్వు తాళం తీసేదానివా?"

పాతికేళ్ళు జనాన్ని అడిగి నిజం చెప్పించాను. నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె.

"తీసేదాన్ని" అన్నాను.

ఆమె వెనక ఎవరో "ఎవరే?" అని అడగడం వినిపించింది. "ఆఫీసు అక్కనే" అని సుజాత జవాబు. తర్వాత ఫోను చేతులు మారింది.

"బిడ్డా" అంది ముత్తమ్మ. గొంతు సన్నగా ఉంది, కాని వణుకు లేదు. "నా కొడుకు బండి ఏడున్నది?"

ఆ బండి ఎక్కడా లేదు. ఆకుపచ్చ రంగు లేదు, మొద్దులు లేవు, నాలుగు రోజులు గీసిన ఆమె పేరు లేదు. అది చెప్పడం నా వల్ల కాలేదు.

"లోడు దిగింది పెద్దమ్మా" అన్నాను. నాకు తెలిసిన కిటుకంతా గొంతులో పెట్టి, మా ఆత్మకూరు మాటలో, అక్కలా, కూతురిలా చెప్పాను. "బంకు కాడికెల్లి బండి తీపిచ్చిన. చేరాల్సిన కాడికి చేరింది. నేనే దగ్గరుండి మొద్దులన్ని దింపిచ్చిన. నువ్వు ఫికర్ జెయ్యకు. మంచిగ తిను."

"దిగిందా?"

"దిగింది పెద్దమ్మా."

ఆమె ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. నమ్మిందనే అనుకున్నాను.

"లోడు దిగంగనే ఒక పాటొస్తది గదా బిడ్డా. వాడు నన్ను సప్పట్లు కొట్టమనేటోడు ఆ పాటకు. వచ్చిందా?"

"వచ్చింది పెద్దమ్మా."

"ఎట్లొచ్చింది? నా సెవులల్లనే తిరుగుతున్నది గని, యాదికి వస్తలేదు. జర అని వినిపియ్యి."

ఆ దుకాణంలో పదేళ్ళు కూర్చున్నాను. ఆ లారీ ఆటను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. ఏదైనా ఒక రాగం తీయబోయి ఆపేశాను. అవతల ఆమె చెవి ఆనించి ఎదురుచూస్తోంది.

"పోనియ్యి బిడ్డా, నీకు రాదు" అని ముత్తమ్మ ఫోను కూతురి చేతికిచ్చింది.